ఎడమ వైపూ అంతే

ఔగ్స్‌బుర్గ్,
1751 ఏప్రిల్ 12

చెల్లెలు యాకోబీనాకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఆరు నెలలైంది. తోటలో నడవటానికే పొద్దు చాలనివాళ్లకి అక్కకి రెండు ముక్కలు రాసే తీరిక ఎక్కడుంటుంది? దెప్పుతున్నాననుకోకు. అనుకున్నా నాకేం బాధ లేదు.

నేనింకా ఫ్రౌ డైనింగర్ అచ్చుశాలలోనే ఉన్నాను. అదే ఉత్తరపు కిటికీ, అదే నాన్న బల్ల, వెనక అదే కాలవ చప్పుడు. ఏడాదికి నలభై కాగితం తోటలు కోస్తాను. ఆరు అట్టలు కోసి, రంగులద్ది, చెక్కపెట్టె లోపలి ఆరు గాళ్లలోకి వరసగా దించి, ఏడోది వెనక నిలబెడితే, ముందున్న కంతకి కన్ను ఆనించిన వాళ్లకి తోట అరకోసు దూరం సాగిపోతుంది. పద్దెనిమిదేళ్ల నుంచీ ఇదే పని. ఇన్నేళ్లలో ఒక్క దొరల తోటలో కాలు పెట్టింది లేదు. ఆ మాట నాకు గుర్తుచెయ్యటానికి నువ్వొకదానివి ఉన్నావుగా. నీ పెళ్లినాడు చేతిలో ప్లమ్ పళ్ల రొట్టె పట్టుకుని, అందరి ముందూ ఏమన్నావు? "అక్క కాగితం తోటలు కోసుకుంటూ కూర్చుంటుంది. నేను అసలు తోటలో నడుస్తా" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగేళ్లయింది, ఆ నవ్వు నవ్వినందుకు దవడలు ఇంకా నొప్పి పుడుతున్నాయి.

సరే, పని చెప్తాను. ఇక్కడ ఫొన్ ట్రాట్‌వైన్ దొరసాని అని ఒకావిడ ఉంది. వయసులో ఉన్నప్పటి నుంచీ మీ రోసెన్‌లుస్ట్ కోటలోనే రాకుమారి వెంట ఉండేదట. ఎనిమిదేళ్ల కిందట ఇక్కడికి వచ్చేసింది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. సెప్టెంబరులో ఆవిడకి డెబ్బై నిండుతాయి. చచ్చేలోగా ఆ తోట ఇంకొక్కసారి చూడాలని అంటూ ఉంటుందని, మేనల్లుడు మా దగ్గరికి వచ్చాడు. ఏదో ఒక తోట కాదు, ఆ తోటే కావాలి. పుట్టినరోజు దాకా ఆవిడకి తెలియకూడదు, కాబట్టి ఆవిణ్ణి అడగటానికి లేదు. ఫ్రౌ డైనింగర్ నన్ను పిలిచి, "రెగీనా, మీ చెల్లెలుండేది అక్కడేగా?" అంది.

దొరసానికి నచ్చితే దాన్ని రాగిరేకు మీద చెక్కించి సంతలన్నిటికీ పంపుతారు. మొదటి అట్ట అడుగున పేరు వేస్తారు. నా పేరు. నాన్న ముప్పై ఏళ్లు కోశాడు, ఒక్క అట్ట మీద పేరు లేకుండానే పోయాడు. నాకు మొగుడు వద్దు, తోటలూ వద్దు, ఆ ఒక్క పేరు కావాలి. నిన్నేదీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని, అడుగుతున్నాను. ఆ తోట ఎలా ఉంటుందో రాయి. అన్నిటికంటే దగ్గర ఏముంది, దాని వెనకేముంది, దాని వెనకేముంది, అలా వరసగా రాయి.

ఇంకొకటి. నాన్న పోతూ కత్తి నాకిచ్చాడు, పెట్టె నీకిచ్చాడు. ఆ పెట్టెలో గాళ్లు తీసినంత నిక్కచ్చిగా ఈ ఊళ్లో ఇంకెవరూ తీయలేదు. అట్టలు సరిచూసుకోవటానికి ఒక ఆర్నెల్లు పంపు. మళ్లీ ఇచ్చేస్తాను.

మీ అక్క
రెగీనా


రోసెన్‌లుస్ట్,
మే 9

అక్కకి,

ఏడవకుండా ఉత్తరం రాయటం నీ వల్ల కాదా? పెళ్లిలో ఏదో నవ్వులాటకి అన్న మాట. నువ్వు దాన్ని ఉప్పులో ఊరేసి నాలుగేళ్లు దాచావు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పొద్దున్నే, మంచు ఆరకముందు చూడాలి ఈ తోటని. అన్నిటికంటే దగ్గర కత్తిరించిన పచ్చిక. తర్వాత రాతి సింహం, పంజా కింద బంతి. దాని తోక వెనకాల కుడి వరసలోని ఏడో నారింజ కుండీ దాక్కుంటుంది. ఆ వరసలో కుండీలు పదకొండు, కిందటి వారమే చలి తగ్గిందని బయటపెట్టారు. వాటి తర్వాత గుండ్రటి కొలను, మధ్యలో సముద్రదేవుడు, ఆయన శంఖంలోంచి నీళ్లు పైకి లేస్తాయి. కొలను వెనక ఆకుపచ్చ కమానులు, చెట్లనే అలా వంచి కత్తిరించారు. వాటి వెనక తెల్లటి గుండ్రటి మండపం. దాని గోపురం సముద్రదేవుడి మోచేతి మీద పెట్టినట్టు ఉంటుంది, భలే తమాషా. ఆ వెనక పొడుగాటి చెట్ల బాట, ఆఖర్న ఆకాశం. నీ ఏడు అట్టలూ సరిపోయాయా?

ఎడమ వైపూ అంతే. దొరల తోటలు నీకు తెలియనివా? కుడి ఎలాగో ఎడమా అలాగే.

మనుషుల గురించి కూడా రాయమంటావు, తెలుసు. రాకుమారి మెత్తటి గులాబిరంగు మడమల చెప్పులేసుకుంటుంది. పావడా అంచున వెండి జరీ. ఆ అంచు అల్లిక మూడుచోట్ల రఫూ చేసి ఉంది, కానీ దగ్గర్నుంచి చూస్తే తప్ప తెలియదు. ఆవిడ వెనక ఒక చిన్న కుక్క, దానికి నీలం పట్టు మెడపట్టీ. వాళ్లు వెళ్తుంటే ఇసక బాట కరకరమంటుంది. ఆ చప్పుడు కాగితం మీద కొయ్యగలవా?

మీ మరిది లియోన్‌హార్డ్ కులాసా. తోట పనులతో క్షణం తీరిక లేదు. పెట్టె పంపలేను, మన్నించు. మా ముందుగదిలో బల్ల మీద ఉంది, వచ్చిపోయే వాళ్లందరూ చూసి ముచ్చటపడుతుంటారు. రాత వంకర్లు పోతోందని విసుక్కోకు, ఉంగరం బిగుతైపోయి వేళ్లు వాచాయి.

నీ చెల్లెలు
యాకోబీనా


ఔగ్స్‌బుర్గ్,
జూన్ 20

యాకోబీనాకి,

వేళ్లు వాచేటంత ఉంగరాలు. బాగుంది. నా వేళ్లకి కత్తిగాట్లు తప్ప ఇంకేవీ లేవు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. పదిసార్లూ కడుపు మండింది. మనసులోది దాచుకుని అబద్ధం చెప్పటం నాకు చేతకాదు. ఆ కుక్కని చూసి కూడా కుళ్లుకున్నాను. దానికి ఆ ఇసక బాట మీద నడిచే రాత ఉంది, నాకు లేదు. అయినా నువ్వు చూసి చెప్పే తీరు మాత్రం చిన్నప్పటిలాగే ఉంది. సముద్రదేవుడి మోచేతి మీద గోపురం అన్నావే, ఆ ముక్క చదవగానే ఎక్కడ ఎంత కొయ్యాలో నా చెయ్యికి తెలిసిపోయింది. ఫ్రౌ డైనింగర్‌కి చదివి వినిపిస్తే, "మీ చెల్లెలు మగవాడై పుడితే చిత్రకారుడయ్యేది" అంది. నా గురించి ఆవిడ ఎప్పుడూ అలాంటి మాట అనలేదు. పద్దెనిమిదేళ్ల నుంచీ ఎదురుగా కూర్చుని ఉన్నా అనలేదు.

నాలుగు అట్టలు అయ్యాయి. ఎడమ వైపూ అంతే అన్నావు కాబట్టి పని తేలికైంది. నాన్న పద్ధతే. కాగితాన్ని నట్టనడుమ మడిచి ఒక పక్క కోస్తే రెండో పక్క దానంతటదే వచ్చేస్తుంది. విప్పి చూస్తే పదకొండు కుండీలకి ఎదురుగా పదకొండు కుండీలు, సింహానికి ఎదురుగా సింహం.

కొన్ని సందేహాలు మిగిలాయి. సింహం నుంచి కొలనుకి ఎన్ని అడుగులు? నడిచి చూసి రాయి, రోజూ తిరిగేదానివేగా. ఆడవాళ్ల జుట్టు ఈ ఏడు ఎలా ముడుస్తున్నారు? రాకుమారి మొహం ఎలా ఉంటుంది, కోలగానా, గుండ్రంగానా? నువ్వు చెప్పులూ అంచులూ రాశావు గానీ ఒక్క మొహమూ రాయలేదు. మొహాలు లేకుండా మనుషుల్ని ఎలా నిలబెట్టను? ఎడమ వైపు మరొక్కసారి చూసి రాయి.

పెట్టె సంగతి. మీ ముందుగదిలో వచ్చిపోయే వాళ్లు చూసి ముచ్చటపడుతుంటారన్నావు. లోపల ఏ అట్టలు పెట్టావు? నేనైతే నీకేమీ పంపలేదే.

రెగీనా


రోసెన్‌లుస్ట్,
జులై 15

అక్కకి,

అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే ఇక్కడ పిచ్చిదనుకుంటారు. కొలను సింహానికి బారెడు దూరంలో లేదు, మైలు దూరంలోనూ లేదు. నీ కంటికి ఏది బాగుంటే అది కొయ్యి.

జుట్లు మీ ఊళ్లో ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉంటాయి. మొహాలు ఎవరివైనా ఒకటే, రెండు కళ్లూ ఒక ముక్కూ. దొరసాని కాగితం మొహాలు చూసి పోల్చుకోబోతుందా ఏమిటి? ఎడమ వైపూ అంతే అని చెప్పాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. సోమవారాలు గాలి ఇటు తిరిగితే కొలను నుంచి తుంపర్లొచ్చి దుప్పట్ల మీద పడి ఆరినవాటిని మళ్లీ తడుపుతాయి, ఒళ్లు మండిపోతుంది. ఇక ఉంటాను, పనుంది.

యాకోబీనా


ఔగ్స్‌బుర్గ్,
సెప్టెంబరు 6

యాకోబీనా,

సంబోధనలు వెతుక్కునే ఓపిక లేదు.

మొన్న దొరసాని ఇంట్లో పుట్టినరోజు. పాస్టరు గారు, మేనల్లుళ్లు, వాళ్ల భార్యలు, మొత్తం ఇరవైమంది. నేను ఉతికిన తెల్ల టోపీ పెట్టుకుని, అచ్చుశాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దొరసాని కంతకి కన్ను ఆనించింది. ఎంతసేపో కన్ను తియ్యలేదు. ఏడుస్తోందేమోనని నాకు గుండె నిండిపోయింది. తర్వాత తలెత్తి మెల్లిగా అడిగింది.

"బాగుంది తల్లీ. కానీ గుహ ఏదీ?"

"ఏ గుహండీ?"

"ఎడమ పక్క గవ్వల గుహ. దాన్ని చూడటానికే కదా ఎక్కడెక్కడి వాళ్లో ఆ తోటకి వచ్చేది. దాని తలుపు దగ్గరే నేను కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని."

ఆ పక్కన నేను మడిచి కోసిన పదకొండు కుండీలు వరసగా నిలబడి ఉన్నాయి. పెద్ద మేనల్లుడు నవ్వాడు. "ఈవిడ చెల్లెలు ఆ తోటలోనే కాపురముంటోందట. ఆవిడకి కళ్లు కనపడవేమో" అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి నా వల్ల నవ్వటం కాలేదు.

ఫ్రౌ డైనింగర్ తిరిగొచ్చేటప్పుడు దారంతా నాకు నాలుగడుగుల ముందే నడిచింది. గుమ్మంలోకొచ్చాక, క్రిస్మస్ లోపల సరిచేస్తే సరే, లేకపోతే పేరు మాట మరిచిపో అంది.

ఇల్లంత గుహని, పరదేశాల వాళ్లు చూడటానికొచ్చే గుహని, రోజూ అక్కడ తిరిగేదానివి చూడకుండా ఎలా ఉంటావు? నీకు తెలుసు. తెలిసే రాయలేదు. నా పేరు అచ్చవుతుందని రాశానుగా, అది నీకు గొంతు దిగలేదు. తోటా నీదే, మొగుడూ నీవాడే, పెట్టే నీదే, ఉంగరాలూ నీవే. అక్కకి ఒక అట్ట అడుగున నాలుగు అక్షరాలు దక్కుతాయంటే ఓర్చుకోలేకపోయావు. నేను నీ మీద ఏడుస్తానని నాకు తెలుసు. కానీ నా ఏడుపు నన్నే తింటుంది, ఎవరి పనీ చెడగొట్టదు.

రెగీనా


రోసెన్‌లుస్ట్,
సెప్టెంబరు 19

రెగీనా,

నీ పని చెడగొట్టాలని నేననుకోలేదు. నమ్మితే నమ్ము.

ఎవరికేం దక్కిందో లెక్కలు తీశావు కాబట్టి నాదీ విను. నాన్న బల్ల మీద ఆయన పక్కన చోటు నీది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆయన వచ్చినవాళ్లందరితో ఏమనేవాడు? "రెగీనా చేతులు మంచివి, అది కోస్తుంది. యాకోబీనా కళ్లు మంచివి, అది చూస్తుంది." అందరూ నా బుగ్గలు పుణికేవాళ్లు. కళ్లు మంచివైతే ఏం లాభం అక్కా? చూడటం పనీ కాదు, అదేమీ అన్నం పెట్టదు. నీకు కత్తి వచ్చింది, నీకు ఎన్ని తోటలు కావాలంటే అన్ని కోసుకుంటావు. నాకు పెట్టె వచ్చింది. దాంట్లో ఏ అట్టలు పెట్టావని అడిగావుగా, ఏమీ లేవు. ఆరు ఖాళీ గాళ్లు, ఒక కంత. పెళ్లినాడు నేనెందుకు అలా అన్నానో నీకు ఇప్పటికైనా అర్థమైందా? నీ చేతుల మీద ఏడ్చి అన్నాను.

ఇక నాకు రాయకు.

యాకోబీనా


ఔగ్స్‌బుర్గ్,
అక్టోబరు 24

యాకోబీనాకి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. పొయ్యిలో పడేసే ముందు చివరిదాకా చదువు.

అట్టల్ని సరిచూసేటప్పుడు నాన్న ఏం చేసేవాడో నీకు గుర్తుండే ఉంటుంది. కంతలోంచి ఒక్కో అట్టకీ దారం లాగి కట్టేవాడు, దేని వెనక ఏది దాక్కుంటుందో తెలియటానికి. నీ మీద కోపంతో, నువ్వు రాసినవన్నీ తప్పులేనని ఫ్రౌ డైనింగర్‌కి రుజువు చేద్దామని, నీ ఉత్తరంతోనే ఆ పని చేశాను. దొరసాని దగ్గరికి వెళ్లి సింహం ఎక్కడ, కుండీల వరస ఎక్కడ, కొలను ఎక్కడ, మండపం ఎక్కడ అని అడిగి బల్ల మీద సుద్దతో తోట గీసుకున్నాను. ఏడో కుండీ నుంచి సింహం తోక మీదుగా ఒక దారం లాగాను. మండపం గోపురం నుంచి సముద్రదేవుడి మోచేతి మీదుగా ఇంకొకటి లాగాను. ఒక్కటీ తప్పు కాదు. కానీ కోట మెట్ల మీద నిలబడితేనో, బాట మీద నడిస్తేనో ఆ రెండూ అలా కనపడవు. రెండు దారాలూ తోట బయటికి పోయి ఒక్కచోట కలిశాయి. ఎడమ పక్క మొక్కల కంచె అవతల.

అప్పుడు మొహాలు గుర్తొచ్చాయి. చెప్పులున్నాయి, పావడా అంచులున్నాయి, కుక్క ఉంది. నడుము పైన ఎవరూ లేరు. అంత కిందనుంచి చూస్తున్నావు నువ్వు, మోకాళ్ల మీద వంగి.

కంచె అవతల ఎడమ పక్క ఏముండేదని దొరసానిని అడిగాను. "గుహ వెనక గోడకి ఆనుకుని బట్టలుతికే పెరడు. సబ్బునీళ్ల వాసనకి రాకుమారి ముక్కు మూసుకునేది" అంది. మూడుచోట్ల రఫూ చేసిన అల్లిక, తడిసిన దుప్పట్లు, వాచిన వేళ్లు, అన్నీ అప్పుడు వాటి గాళ్లలో కూర్చున్నాయి. కంచెకి ఆనుకుని కంతలోంచి చూసేవాళ్లకి తమ పక్కనే ఉన్నది కనపడదు. ఎడమ వైపు నువ్వు ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్తాను. మొదట సంతోషమేసింది. ఆ పూట రెండు రొట్టెముక్కలు ఎక్కువ తిన్నాను. నాలుగేళ్లుగా ఎవరిని చూసి నిప్పులు పోసుకున్నానో ఆవిడ మాసిన దుప్పట్లు పిండుతోందని తెలిస్తే నాలాంటిదానికి ఇంకేం కావాలి? మర్నాడు బల్ల దగ్గర కూర్చుని నీ ఉత్తరం మళ్లీ తీశాను. మంచు ఆరకముందు చూడాలి అని రాశావు. ఉతుకుడు మొదలుపెట్టకముందు, నేల మీద మోకాళ్లేసుకుని, చలిలో. ఆ పూట కత్తి ముట్టలేదు.

అయినా ఒక మాట. నీ మీద నాకు అసూయ పోయిందనుకోకు. పోలేదు. నీకు కంతైనా ఉంది. నాకు నీ ఉత్తరాలే ఉన్నాయి.

నిజం రాయి. మా మరిది ఎక్కడున్నాడు?

అక్క


రోసెన్‌లుస్ట్,
నవంబరు 14

అక్కకి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడెయ్యలేదు. దాన్ని పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్లాను.

పైన పటారం లోన లొటారం అంటారే, నా కాపురం అది. తోటపని ఇస్తామని రమ్మన్నవాళ్లు, మేము మూటలతో దిగేసరికి ఆ చోటు పెద్ద తోటమాలి తమ్ముడి కొడుక్కి ఇచ్చేశారు. లియోన్‌హార్డ్‌కి గుర్రాలశాలలో పేడ ఎత్తే పని దొరికింది, నాకు ఈ పెరడు. మంచివాడే అక్కా, గుర్రాలతో మాట్లాడినంత మెత్తగా నాతోనూ మాట్లాడతాడు. "మీ అక్కకి నిజం రాసెయ్యి" అని ఏటా అంటాడు. ప్లమ్ రొట్టె చేత్తో పట్టుకుని అంత మాట అన్నదాన్ని, ఎలా రాయను? ఒక ఉత్తరంలో తోట అన్నాక ఇంకో ఉత్తరంలో ముందుగది అనాల్సొచ్చింది. మాకు ఉన్నదే ఒక్క గది, శాల పైన. ఉంగరం కూడా వేలికి లేదు. సబ్బునీళ్లకి వేళ్లు పగిలి వాచిపోతే తీసి దారానికి కట్టి మెళ్లో వేసుకున్నాను.

ఉతికే ఆడవాళ్లు కంచె దాటకూడదు. దాటితే పని పోతుంది. కంచెలో ఒక మొక్క చచ్చిపోయి అడుగున జానెడు సందు పడింది. నాకు దొరికింది అదే. నువ్వు తోట గురించి రాయమన్న ఏప్రిల్లో నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. నా కళ్లతో ఎవరికైనా పని పడటం అదే మొదలు. రోజూ అందరికంటే ముందు లేచి చూశాను. అబద్ధం చెప్పింది నా గురించే. ఎడమ వైపు ఊహించి రాసింది తప్ప, తోట గురించి ఒక్క అబద్ధమూ రాయలేదు, నువ్వే దారాలు కట్టి చూశావుగా.

గుహ అనే మాట విన్నాను. ఇక్కడివాళ్లు, "గుహలో పెట్టారు, గుహ దగ్గర ఉన్నారు" అంటుంటే మంచుగడ్డలు దాచే నేలకొట్టు అనుకున్నాను. ఆ గోడకే మేకులు కొట్టి తాడు కట్టి నాలుగేళ్లుగా దుప్పట్లు ఆరేస్తున్నాను అక్కా. మధ్యాహ్నం దానికే వీపు ఆనించుకుని రొట్టె తింటాను. నీ ఉత్తరం వచ్చాక గోడకి చెవి ఆనించి విన్నాను. లోపల ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడూ వినపడేదే. మా పెరటి కాలవ చప్పుడనుకునేదాన్ని.

పెట్టె పంపుతున్నాను, బండివాడు జాగ్రత్తగా తెస్తానన్నాడు. నీకే కావాలి అది. ఖాళీ పెట్టెలోకి ఎన్నాళ్లని చూస్తాను?

నీ పేరు మీద ఇప్పటికీ ఏడుపుగానే ఉంది. దాచను. అయినా నీ పేరు పడాలి. గుహ ఎలా ఉంటుందో దొరసానిని అడిగి తెలుసుకుని బాగా కొయ్యి.

నీ చెల్లెలు
యాకోబీనా


ఔగ్స్‌బుర్గ్,
డిసెంబరు 18

చెల్లికి,

పెట్టె క్షేమంగా చేరింది. మూత వాసన చూశాను. నాన్న జిగురు వాసన రావాలి, మీ సబ్బు వాసన వచ్చింది.

దొరసాని గుహ గురించి మూడు రోజులు చెప్పింది. ఏడు అట్టలూ కొత్తగా కోశాను, ఈసారి మడవకుండా, ఎడమ సగం వేరుగా. గవ్వలు ఒక్కొక్కటీ సూదితో పొడిచి చేశాను, నూట ఎనభై రెండు. కుడి సగం నువ్వు రాసిందే, ఒక్క ఆకు కూడా మార్చలేదు. అన్నిటికంటే ముందున్న అట్టలో ఎడమ వైపు అడుగున కంచె పెట్టి, అందులో జానెడు సందు కోశాను. ఈ నెల మొదట్లో ఆవిడ నాన్న పెట్టెలో పెట్టుకుని చూసింది. గుహ తలుపు కనపడగానే చేతిరుమాలు కళ్లకి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "ఈ సందేమిటి, నేనున్నప్పుడు లేదే" అని అడిగింది.

"ఇప్పుడుందండీ. తోట అక్కడి నుంచే కనపడుతుంది" అన్నాను. ఆవిడ మళ్లీ కంతకి కన్ను ఆనించింది.

మొదటి అట్ట రాగిరేకు చెక్కటం పూర్తయింది. పేరు సంగతి చెప్పాలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి మొదటి అట్ట అడుగున సిరాతో నా పేరు రాశాను, నాదొక్కటే. ఎంత బాగుందో. సోమవారం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మంగళవారం నాన్న కత్తితో గీకేశాను. ఫ్రౌ డైనింగర్ చూసి, పిచ్చెక్కిందా అంది. రెండు పేర్లు వెయ్యాలి, చూసి చెప్పింది మా చెల్లెలు, అది లేకపోతే నాకు కొయ్యటానికి తోటే లేదు అన్నాను. బట్టలుతికేదాని పేరు అట్ట మీదా అని గునిసింది, చివరికి ఒప్పుకుంది.

తీరా ఒప్పుకున్నాక తెలిసొచ్చింది. అచ్చువాళ్ల ఆనవాయితీ నీకూ తెలుసు. చూసి రాసినవాళ్ల పేరు ముందు, చెక్కి కోసినవాళ్ల పేరు తర్వాత. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసి, ఉన్న ఒక్క చోటుకీ నా చేతులతో నేనే నిన్ను ముందుకు తోశాను. సంతలో అట్ట కొన్న ప్రతివాడూ నీ పేరు చదివాకే నా పేరు చదువుతాడు. ఇది రాస్తుంటే కూడా కడుపులో మండుతోంది. మండనీ.

పెట్టె నీకే తిరిగి పంపుతున్నాను. ఈసారి ఖాళీగా లేదు. సెప్టెంబరులో దొరసాని వద్దన్న అట్టలు ఏడూ లోపల పెట్టాను, మడిచి కోసినవి, రెండు వైపులా పదకొండేసి కుండీలున్నవి. ఆ తోట భూమి మీద ఎక్కడా లేదు, నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లోనే ఉంది. కాబట్టి దాంట్లోంచి నిన్ను బయటికి పొమ్మనేవాళ్లు ఎవరూ లేరు. గది తలుపేసుకుని, వంగకుండా, కుర్చీలో కూర్చుని చూడు. మా మరిదికి కూడా చూపించు.

కొత్త అట్ట మొదటి అచ్చుకాగితం ఒకటి మూతలో మడిచి పెట్టాను. విప్పి అడుగున చూడు. నీ పేరు ఎడమ వైపుంది.

మీ అక్క
రెగీనా